మురుగు కాలవ పూడితే మీ దేశంలో ఎవర్ని అడుగుతారు?

పల్లపుచేను_కోనసీమ
సార్వా నాట్లు పడ్డాక కొట్టిన వానకి మా చేలు ఇంకా మునిగే ఉన్నాయి. నీరు రాక కాదు మా గోల, వచ్చిన నీరు లాగక. మురుగు కాలవ ఈ చివర్నించి ఆ చివరిదాకా గుర్రపుడెక్కే. పంచాయతీలో అడిగితే అది మీడియం డ్రెయిను, మా పరిధి కాదన్నారు. సెక్షనాఫీసులో అడిగితే ఎస్టిమేటు పైకి పంపాం, నిధులు రావాలన్నారు. సచివాలయంలో అర్జీ తీసుకుని నంబరిచ్చారు. కొన్నాళ్ళకి 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకి మెసేజొచ్చింది. ఇక్కడేమో డెక్క పూతకొచ్చి కాలవంతా ఊదారంగు, ఫొటో తీస్తే ఊటీలా ఉంది.

ఈ వేదికలో కువైట్ నుంచి అమెరికా దాకా అన్ని చోట్లా మనోళ్ళున్నారు కదా. మీరుండే చోట ఇలాంటి కాలవ పూడితే ఎవరి దగ్గరికెళ్తారు? వాళ్ళు 'మాది కాదు' అంటే తర్వాతేంటి? పరిపాలనలో తేడా సరిగ్గా ఎక్కడుందో తెలుసుకోవాలనుంది. 'అక్కడోళ్ళు నిజాయితీపరులు, మనోళ్ళు దొంగలు' అనే జవాబు మాత్రం వద్దు. అది మా ఊరి ఆటో అబ్బాయి రోజూ చెప్తాడు.

పూతరేకు_పాప
ఊటీ ఫొటో ఏదండీ?

తెల్లారికాఫీ
ఆటో అబ్బాయి చెప్పింది కరెక్టే కదా గురూ, ఇంకా చర్చ ఎందుకు.

డెల్ఫ్ట్_వదిన
కాఫీ గారూ, ఆయన వద్దన్నదే మీరు రాశారు.

ఇక్కడ నెదర్లాండ్స్‌లో జవాబు ఒక్కటే, నీటి బోర్డు. మునిసిపాలిటీ వేరు, ఇది వేరు. నీళ్ళ కోసమే విడిగా ఉన్న చిన్న ప్రభుత్వం అనుకోండి. దేశం మొత్తం మీద 21 ఉన్నాయి. లైడెన్ వైపున్న రైన్‌ల్యాండ్ బోర్డు 1255 నుంచీ లెక్కలో ఉంది, అప్పటికి మనకి కాకతి గణపతిదేవుడు రాజు. నాలుగో వంతు నేల సముద్రమట్టం కన్నా కిందుంది కాబట్టి రాజ్యం ఎవరిదైనా నీరు తోడే పని ఆగకూడదు, అలా నిలబడిపోయాయి.

నాలుగేళ్ళకోసారి బోర్డుకి ఓట్లేస్తాం, కిందటిసారి 2023 మార్చిలో. పన్ను కూడా బోర్డే వేస్తుంది. మేం అద్దెకుంటాం, అయినా ఏటా కొన్ని వందల యూరోల బిల్లు మా పేరునే వస్తుంది. 1953 వరదలో ఇక్కడ 1836 మంది పోయారు. మరుసటేడే ఈ బోర్డులన్నీ కలిసి అప్పుల కోసం సొంత బ్యాంకు పెట్టుకున్నాయి, అది ఇప్పటికీ నడుస్తోంది.

మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పెద్ద కాలవలు బోర్డువి. చేల మధ్య, పెరళ్ళ వెనక ఉండే చిన్నవి మాత్రం గట్టు ఎవరిదైతే వాళ్ళే బాగుచేసుకోవాలి. చలికాలం ముందు బోర్డు మనిషి తనిఖీకొస్తాడు, తేదీ ముందే చెప్తారు. మా ఓనరు ముసలాయన ఆ వారంలో తొడల దాకా రబ్బరు బూట్లేసుకుని పొడుగు కర్ర కొడవలితో దిగుతాడు. కోసిన నాచు గట్టు మీద కుప్ప వేసి, నీరు ఓడాక అవతలికి తోస్తాడు. చెయ్యనివాళ్ళకి ముందు ఉత్తరం వస్తుంది. అప్పటికీ కదలకపోతే బోర్డే మనుషుల్ని పెట్టి చేయించి ఖర్చు వాళ్ళ నెత్తినేస్తుంది.

పల్లపుచేను_కోనసీమ
మాకు ఉత్తరాలు రాయడం వరకూ బానే వచ్చు వదినా. ఆ రెండో భాగమే లేదు.

మాజీ_ఆర్ఐ
డెల్ఫ్ట్ అమ్మాయి చెప్పినదాంట్లో కీలకం పన్ను. ఎన్నిక, తనిఖీ అన్నీ దాని వెనక వచ్చేవే. మన దగ్గర నీటితీరువా సార్వాకి ఎకరాకి 200 రూపాయలు, దాళ్వాకి 150. తొంభైల్లో పెంచిన రేటది. అదీ సరిగ్గా వసూలు కాదు, నా ఉద్యోగమంతా ఆ డిమాండు రిజిస్టర్లతోనే గడిచింది. వసూలు చేసేది రెవెన్యూ, సాగు కాలవ చూసేది ఇరిగేషను, మురుగు చూసేది డ్రెయినేజీ విభాగం, పైసలు విడుదల చేసేది రాజధానిలో ఆర్థిక శాఖ. రైతుకి కనపడేవాడి చేతిలో డబ్బుండదు, డబ్బున్నవాడు రైతుకి కనపడడు. సెక్షనాఫీసులో ఏఈని ఎంత తిట్టినా అతను చెయ్యగలిగింది ఇంకో ఎస్టిమేటు రాయడమే.

1997లో నీటి సంఘాల చట్టం తెచ్చినప్పుడు మిగతా రాష్ట్రాలు మనల్ని చూసి రాసుకున్నాయి. ఆయకట్టు రైతులే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. తర్వాత ఆ ఎన్నికలు ప్రభుత్వాలకి గుర్తొచ్చినప్పుడే. 2024 డిసెంబరులో మళ్ళీ పెట్టారు, చాలా చోట్ల ఏకగ్రీవాలే. తీరువా ఎంతో తేల్చే అధికారం ఇప్పటికీ సర్కారు దగ్గరే ఉంది.

లాకులగట్టు
మాజీ ఆర్ఐ గారూ, లస్కర్ల సంగతి కూడా చెప్పండి. మా నాన్న లస్కరు. లాకుల దగ్గర క్వార్టరు, చేతిలో కొంకి కర్ర, పొద్దున్నే గట్టు మీద నడక. డెక్క నాలుగు మొక్కలుండగానే లాగి పారేసేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవర్నీ వెయ్యలేదు. ఇప్పుడు కాలవంతా అల్లుకున్నాక పొక్లెయిను పిలుస్తారు. దానికి టెండరు, టెండరుకి ఎస్టిమేటు, ఈలోగా చేను కుళ్ళిపోద్ది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగించాక కాలవలు ఇన్నేళ్ళు నిలబడింది సిమెంటు వల్ల కాదు, గట్టు మీద తిరిగే మనిషి ఉండబట్టి.

తెల్లారికాఫీ
మళ్ళీ కాటన్ దొర వచ్చేశాడు. గోదావరోళ్ళ చర్చ ఆయన ఫొటోకి దండెయ్యకుండా ముగియదు.

లాకులగట్టు
వేస్తాం. మీ వైపు వెయ్యడానికి ఎవరూ లేకపోతే మేమేం చేస్తాం.

ఓహయో_గోదారి
డెల్టాకి పోలిక కావాలంటే మా వాయవ్య ఒహాయో చూడాలి. ఒకప్పుడిది గ్రేట్ బ్లాక్ స్వాంప్ అనే చిత్తడి అడవి. కాలవలు తవ్వి, నేల కింద గొట్టాలు పరిచి మొక్కజొన్న చేలు చేశారు.

ఇక్కడ కౌంటీ ఇంజినీరుని జనం ఓటేసి ఎన్నుకుంటారు. అలాగని ఎవరు పడితే వాళ్ళు నిలబడలేరు, ఇంజినీరు లైసెన్సు, సర్వేయరు లైసెన్సు రెండూ ఉండాలి. మురుగు కాలవ తవ్వాలన్నా బాగుచెయ్యాలన్నా భూమున్నవాడు కౌంటీ కమిషనర్లకి పిటిషను వేసి బాండు కడతాడు. వాళ్ళొచ్చి స్థలం చూస్తారు, బహిరంగ విచారణ పెడతారు. ఖర్చు కన్నా లాభం ఎక్కువని తేలితేనే పని. ఆ ఖర్చుని ఆ కాలవలోకి నీరు దిగే పొలాలన్నిటి మీదా వాటాలేసి ఆస్తి పన్నుతో కలిపి లాగుతారు.

ఒక విచారణకి స్నేహితుడితో వెళ్ళా. టోపీలు పెట్టుకున్న ముసలి రైతులు మ్యాపు మీద వేలు పెట్టి 'నా పొలం మెరక, నా నీరు అటు దిగదు, నా వాటా తియ్యండి' అని ఒకటే రభస. అచ్చం మన రచ్చబండ.

పల్లపుచేను_కోనసీమ
అదే రభస మాకూ ఉంది గానీ అది ఎక్కడ పెట్టుకోవాలో చెప్పే చోటే లేదు. ఇంకో చిక్కు, నేను కౌలుదారుణ్ణి. కాలవ పూడితే మునిగేది నేను, పట్టా ఓనరుది. ఆయన ఒహాయోలోనే ఉంటాడు. మీరు కాదు కదా?

ఓహయో_గోదారి
కాదు బాబూ. మా నాన్న ఉన్నది అమ్మేసి నన్నిక్కడికి పంపించాడు.

పూతరేకు_పాప
ఓనరు దొరికాడనుకున్నా, సినిమాలా ఉండేది 😄

కువైట్_సత్తి
ఆయ్, మా లెక్క వేరండి. ఇక్కడ మాకు ఓటు లేదు, జీతం మీద పన్నూ లేదు. సివిల్ ఐడీ కార్డు కావాలంటే మిషన్లో నంబరు కొడితే బయటికొస్తాది, ఎవడికీ దణ్ణం పెట్టక్కర్లేదు. 2018 నవంబరులో పెద్ద వానలొచ్చి రోడ్లు మునిగిపోతే పబ్లిక్ వర్క్స్ మంత్రి రాజీనామా చేసేశాడు. మన దగ్గర ముంపుకి మంత్రి దిగిపోవడం నేనైతే ఎరగను.

అంటే ఓటు లేకపోయినా పని జరుగుద్ది. డబ్బుంటే చాలు. మీరు ఎన్నికలు ఎన్నికలంటన్నారు గానీ.

డెల్ఫ్ట్_వదిన
సత్తిబాబూ, ఆ రాజీనామా చేసిందీ అక్కడ పార్లమెంటులో నిలదీస్తారన్న భయం ఉండబట్టే కదా? ఆ పార్లమెంటుని 2024 మేలో అమీరు రద్దు చేశాడు. ఇప్పుడు ముంపొస్తే ఎవరు దిగుతారో చూడాలి. ఇంతకీ నీ అకామా, అదే అక్కడ ఉండే పర్మిట్టు, ఎవరి చేతిలో ఉంది?

కువైట్_సత్తి
కఫీలు చేతిలో, అంటే నన్ను పనికి తెచ్చుకున్న స్పాన్సరు. అక్కడికొచ్చేసరికి మిషన్లు పనిచెయ్యవు లెండి. పోయినసారి రెన్యూవల్‌కి ఆయన ఊళ్ళో లేడు, రోజూ వాళ్ళ దివానియా (మగాళ్ళు కూర్చునే చావడి) గుమ్మం దగ్గర నిలబడ్డా. లోపల టీ తాగుతున్న పెద్దాయన 'బుక్రా' అనేవాడు, రేపు రమ్మని. మన ఆఫీసుల్లో వినే మాటే.

అయినా నా మాట నాదే. కార్డు మిషను మన మండలంలో పెడితే నాకిష్టమే.

ఆక్వా_బాబాయ్
అందరూ దేశాలు తిరిగొచ్చారు గానీ ఎవరూ మొగ గురించి, అదే డ్రెయిను సముద్రంలో కలిసే చోటు గురించి మాట్లాడరేం? డ్రెయిను ఎంత తవ్వినా సముద్రం దగ్గర మొగ ఇసకతో పూడిపోతే నీరు వెనక్కి తంతాది. పోటు వేళ ఉప్పునీరు ఎగువకెక్కుద్ది. దాన్ని పట్టించుకోరు.

లాకులగట్టు
మొగ సంగతి నిజమే. మరి మధ్యలో డ్రెయిను గట్టు రెండు పక్కలా రెయ్యల చెరువుల్లో కలిసిపోయిన సంగతి? అది కూడా సముద్రమే తినేసిందా బాబాయ్?

ఆక్వా_బాబాయ్
నా చెరువుకి కాగితాలున్నాయి. అందర్నీ ఒక గాటన కట్టకండి. వరి గిట్టక 2011లో మన కోనసీమ రైతులే పంట విరామం ప్రకటించారు, దేశమంతా చూసింది. అప్పుడు వాళ్ళడిగినవాట్లో ఈ డ్రెయిన్లు కూడా ఉన్నాయి. వినలేదు. వరి మీద బతకలేక చెరువు తవ్వుకున్నోణ్ణి ఇప్పుడు దొంగ అంటే ఎలా?

లాకులగట్టు
దొంగ అనలేదు. సర్వే పెట్టించి రాళ్ళు పాతమంటున్నా. కాగితాలుంటే భయమెందుకు.

ఆక్వా_బాబాయ్
పెట్టించండి. టేపు నేనే పట్టుకుంటా.

నిర్వాహకులు
సర్వే నంబర్లూ, చెరువు ఓనర్ల పేర్లూ రాసిన రెండు పోస్టులు తీసేశాం. పార్టీల పేర్లు కూడా తేవద్దు, కిందటి చర్చ ఎలా ముగిసిందో గుర్తుంది కదా.

యానాం_గట్టు
మీరంతా విమానాలెక్కి పోల్చారు. నాకు ఎదుర్లంక వంతెన దాటితే చాలు, పరిపాలన మారిపోద్ది. 1954 దాకా మాది ఫ్రెంచివాళ్ళ ఊరు. మా ముత్తాత జనన పత్రం ఇంట్లో ఉంది. ఏ గంటకి పుట్టాడు, తండ్రి వృత్తేంటి, సాక్షులెవరు, వాళ్ళ వయసెంత, అన్నీ ఫ్రెంచిలో గుండ్రటి చేతిరాత. కింద తెలుగు సంతకం. పుట్టుక, పెళ్ళి, చావు రాసుకోవడం మేయరు ఆఫీసు పని. ఫ్రాన్సులో ఇప్పటికీ దాదాపు 35 వేల కమ్యూన్లున్నాయి, మూడొందల గడప ఉన్నా ఓ మేయరు ఉంటాడు. ఊరివాళ్ళు ఎన్నుకున్న కౌన్సిలుకి అధ్యక్షుడూ ఆయనే, పెళ్ళిళ్ళు జరిపించే ప్రభుత్వ ప్రతినిధీ ఆయనే. మన సర్పంచికి రెండో టోపీ లేదు.

ఫ్రెంచి చట్టం అంటే మహా గొప్పదనుకోకండి. 1929లో శారదా చట్టం వచ్చాక బ్రిటిషు వైపు వాళ్ళు పసిపిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యడానికి ఇక్కడికే వచ్చేవారు. కల్యాణపురం అని పేరు పడింది మాకు. పక్క ఊరి చట్టం గట్టిగా ఉంటే మన ఊళ్ళో వ్యాపారం పెరుగుద్ది, అంతే.

ఇప్పుడు మా పరిస్థితి: పుదుచ్చేరి ప్రాంతంలో స్థానిక ఎన్నికలు 1968 తర్వాత 2006లో జరిగాయి. ఆ కౌన్సిళ్ళ గడువు తీరాక మళ్ళీ పెట్టలేదు. కాలవ పూడితే అర్జీ ఇక్కడి అడ్మినిస్ట్రేటరు ఆఫీసులో, పెద్ద ఫైలైతే ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల. ఆ మాటకొస్తే పనులు మీకన్నా త్వరగానే అవుతాయి. చిన్న ఊరు, తెలిసిన మొహాలు. సత్తిబాబు పార్టీలోకి నన్నూ చేర్చుకోవచ్చు.

కువైట్_సత్తి
రండి రండి.

చిప్పుల_చిట్టి
తైవాన్ నుంచి. ఎన్నికలుంటే అన్నీ బాగుపడతాయనేవాళ్ళకి ఇది చెప్పాలి. ఇక్కడ సాగునీటి సంఘాలు 17 ఉండేవి, రైతులే అధ్యక్షుల్ని ఎన్నుకునేవాళ్ళు, ఆస్తులూ బోలెడు. అవి ఊరి రాజకీయాలకి అడ్డాలైపోయాయన్న విమర్శ ఎక్కువై 2020 అక్టోబరులో ప్రభుత్వం అన్నిటినీ తన శాఖలో కలిపేసుకుంది. రైతులు కోర్టుకెళ్ళారు, ఆగలేదు. కాలవలు మాత్రం ఇప్పటికీ శుభ్రంగానే ఉన్నాయి.

డెల్ఫ్ట్_వదిన
అలవాటైన సిబ్బంది, జీతాలు, యంత్రాలు అన్నీ ఉన్నవాటిని కలిపేసుకున్నారు చిట్టీ. ఏమీ లేని సంఘాన్ని కలిపేసుకుంటే ఏమొస్తుంది? ఇక్కడా పేచీలున్నాయి. రైతులకి ఎన్నిక లేకుండానే కొన్ని సీట్లు బోర్డులో ఉంటాయి, అవి తీసెయ్యాలని ఏళ్ళ తరబడి గొడవ. తగ్గించారు, పూర్తిగా తియ్యలేదు.

ఓహయో_గోదారి
మా పద్ధతిలోనూ కన్నముంది. కాలవకి వాటా కట్టేవాడికే నోరు. పొలాల ఎరువంతా ఆ కాలవల్లోంచి ఈరీ సరస్సులోకి దిగి నాచు పట్టి 2014 ఆగస్టులో టోలీడో ఊళ్ళో కుళాయి నీరు తాగొద్దన్నారు. నాలుగు లక్షల మందికి పైగా సీసాల కోసం పరిగెత్తారు. ఆ కాలవ విచారణలో వాళ్ళని పిలిచినవాడు లేడు.

అలెప్పీ_కొబ్బరి
ఇంత దూరాలెందుకండీ, మా కుట్టనాడు రండి. కొబ్బరి వ్యాపారం మీద ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా. చేలు సముద్రమట్టం కన్నా కిందే. ఒక గట్టు లోపలి రైతులంతా ఒక సమితి, పాడశేఖరం అంటారు. నీరు తోడాలంటే అందరూ ఒక్కసారే తోడాలి, ఒకడు నేను రానంటే కుదరదు. 1996లో కేరళ తన ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకి పైగా స్థానిక సంస్థలకి ఇచ్చేసింది. దాంతో పంచాయతీ మెంబరు దగ్గరికెళ్తే 'ఈ ఏడు కాదు, వచ్చే ఏడు పెడతాం' అని తారీఖు చెప్తాడు. చెయ్యడం చెయ్యకపోవడం తర్వాత, తన చేతిలో ఉన్న డబ్బు గురించి మాట్లాడతాడు కదా.

తెల్లారికాఫీ
ఇది బావుంది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకి రాసిన 29 అంశాల్లో చిన్న తరహా సాగునీరు, నీటి యాజమాన్యం మూడోదే. మా పంచాయతీకి ఆ మూడోది ఉందని తెలుసో లేదో. 2019లో సచివాలయాలొచ్చాక గుమ్మం దగ్గరికి మనుషులైతే వచ్చారు, సర్పంచి మాట వినాలా, మండలం మాట వినాలా అని వాళ్ళకే తేలలేదు.

పూతరేకు_పాప
కాఫీ గారు సీరియస్ అయిపోయారు, ఎవరైనా పంచదార వెయ్యండి.

మాజీ_ఆర్ఐ
1984లో కరణాలు, మునసబుల్ని తీసేశారు, 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. నేనప్పుడు కొత్తగా చేరా. కరణం అంటే జనానికి భయం, అది పోవడం మంచిదే. కాకపోతే ఏ బోదె ఎక్కడ కలుస్తుందో ఆ మనిషి బుర్రలో ఉండేది. అది కాగితం మీదకి ఎవరూ దించుకోలేదు. ఆఫీసులు మార్చుకుంటూ పోయాం.

పల్లపుచేనూ, నీ అసలు ప్రశ్న 'మాది కాదు అంటే తర్వాతేంటి' అని కదా. స్వీడన్‌లో 1766 నుంచే ఫైలు చూసే హక్కుంది. మనకి 2005లో వచ్చింది, దాన్ని వాడు. సమాచార హక్కు చట్టం 6(3) సెక్షను చదువు. అడిగిన సంగతి తమ దగ్గర లేకపోతే అర్జీ తిప్పి పంపకూడదు, 5 రోజుల్లో అదెవరిదో వాళ్ళకి బదిలీ చేసి నీకు రాసి చెప్పాలి. 'మాది కాదు' అన్నవాడితోనే ఎవరిదో రాయించొచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయికి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10.

ఆక్వా_బాబాయ్
ఆర్‌టీఐ వేస్తే పొక్లెయిను వస్తాదా?

మాజీ_ఆర్ఐ
రాదు. ఆ కాలవ ఎవరి రిజిస్టర్లో ఉందో కాగితం వస్తుంది. అది పట్టుకుని సోమవారం గ్రీవెన్సుకెళ్తే కలెక్టరు గారి ముందు ఇద్దరు ఇంజినీర్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కుదరదు.

పల్లపుచేను_కోనసీమ
మూడు ప్రశ్నలు రాసుకున్నా. డ్రెయిను ఏ విభాగం కింద నమోదైంది, చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, నీటితీరువాలో దీనికి వాటా ఎంత. ఇంకేమైనా చేర్చాలా?

లాకులగట్టు
లస్కరు పోస్టు మంజూరైందా, ఖాళీగా ఉందా, ఎప్పట్నించి. అది నా కోసం చేర్చు.

ఓహయో_గోదారి
డ్రెయిను అసలు వెడల్పు ఎంత, మ్యాపు నకలు. రేపు చెరువు గట్ల గొడవొస్తే పనికొస్తుంది. బాబాయ్ ఎలాగూ టేపు పట్టుకుంటానన్నాడు.

మాజీ_ఆర్ఐ
నీటితీరువా వాటా ప్రశ్న విడిగా తహసీల్దారు ఆఫీసుకి వెయ్యి, ఒకే అర్జీలో పెడితే దాన్ని సాకు చేసుకుని మొత్తం అటూ ఇటూ తిప్పుతారు. రెండో ప్రశ్నకి ఎస్టిమేటు నకలు కూడా కలుపు, పైకి పంపిన తేదీ, ఇన్‌వర్డు నంబరుతో సహా. పంపాం అన్నారు కదా, పంపారో లేదో అక్కడే తెలిసిపోద్ది.